చీరలు కట్టిన చెరువు

అటవీ శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేశానంటే వినేవాళ్లు పులులను, ఏనుగులను ఊహించుకుంటారు. మా అనంతపురం వైపు అడవి ఎలా ఉంటుందో చూసినవాళ్లు మాత్రం నవ్వి ఊరుకుంటారు. నడుమెత్తు తుమ్మకంప, బండరాళ్లు, అక్కడక్కడ ఒక రేగుపొద. నా ఉద్యోగమంతా ఆ కంపను కాపాడటానికే సరిపోయింది. ఎండుకట్టెల మోపులు ఆపడం, గొర్రెలను తరమడం, వేసవిలో నిప్పు ఆర్పడం, మిగిలిన వేళల్లో రాతకోతలు.

ఈమధ్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఇంటికి వచ్చి, "సార్, మీ సర్వీసులో గుర్తుండిపోయింది ఒకటి చెప్పండి" అన్నారు. చందనం దొంగలను పట్టుకున్న కథ చెబుతానని ఆశపడి కూర్చున్నట్టున్నారు. మా వైపు చందనమూ తక్కువే, నేను దొంగలను పట్టిందీ తక్కువే. నాకు గుర్తుండిపోయింది ఒక పొరపాటు. ఆ రోజు నోటితో చెప్పలేక టీ తాగించి పంపించేశాను. ఇప్పుడు రాస్తున్నాను. చదివి నన్ను నాలుగు మాటలు అనుకున్నా ఫర్వాలేదు.

రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లు ఉండగా నన్ను గుమ్మఘట్ట వైపు, కర్ణాటక సరిహద్దు బీటుకు, అంటే ఒకరి కాపలా కింద ఉండే అడవి ముక్కకు, వేశారు. మా సొంతూరు గోరంట్ల దగ్గర. ఇల్లు అక్కడే ఉంచి, నేను ఇక్కడ ఒక గది తీసుకుని వండుకు తింటూ ఉండేవాణ్ణి. బీటులో ఒక పెద్ద చెరువు ఉంది. దాని పేరు రాయను, ఆ ఊళ్లవాళ్లు ఇప్పటికీ నా ముఖం గుర్తుపడతారు. మా వైపు చెరువు అంటే ఏడాదంతా నీళ్లుండేది అనుకోకండి. నాలుగైదేళ్లకు ఒకసారి నిండుతుంది. మిగతా కాలమంతా మెల్లగా ఎండుతూ ఉంటుంది. నేను వెళ్లేసరికి నిండి రెండేళ్లయింది. ఆ ఏడు వానల్లేవు. శీతాకాలానికల్లా చెరువు నడుమ మడుగులాగా కాస్త నీళ్లు, దాని చుట్టూ తడి బురద, ఆ పైన పగుళ్లిచ్చిన నేల మిగిలాయి.

ఆ తడి బురద అంచుకే పిట్టలు వచ్చేవి. పిచ్చుక కంటే కాస్త పెద్దవి, బూడిద రంగు వీపు, తెల్లని పొట్ట, సన్నని పొడుగు ముక్కు. నీటి అంచు వెంబడి గబగబా పరుగెత్తుతూ, ముక్కు బురదలోకి దించి పురుగులు ఏరుకుంటాయి. పుస్తకాల్లో ఉల్లంకి పిట్టలంటారు. ఊళ్లో బురదపిట్టలనే అంటారు. హిమాలయాలకు అవతలి నుంచి చలికి ఇటు వచ్చి, ఎండలు ముదిరే ముందు మళ్లీ అటే పోతాయి. చుట్టుపక్కల చెరువులన్నీ ఎండిపోవడంతో ఆ ఏడు అన్నీ మా చెరువుకే చేరాయి. పొద్దున పూట కట్ట మీద నిలబడితే బురదంతా కదులుతున్నట్టు ఉండేది.

ఆ సంగతి ఎవరో ఫోనులో వీడియో తీసి ఊరందరికీ పంచారు. అంతే, ఆదివారాలు వచ్చాయంటే రాయదుర్గం నుంచి, బళ్లారి నుంచి జనం. మొదట కట్ట మీద నిలబడి చూసేవారు. తర్వాత బైకులు, జీపులు ఎండిన చెరువులోకే దించారు. ఒక ఆదివారం ఒక కొత్త జంట పెళ్లికి ముందు ఫోటోలు తీయించుకోవడానికి వచ్చింది. వాళ్ల ముఖాల వెనక పిట్టలు గుంపుగా లేస్తే బాగుంటుందని, ఫోటోగ్రాఫరు మనిషి ఒకడు చప్పట్లు కొడుతూ బురదలోకి పరుగెత్తాడు. పిట్టలు లేచాయి. ఫోటో సరిగ్గా రాలేదట. మళ్లీ పరుగెత్తాడు. నేను వెళ్లి ఆపేలోపు నాలుగుసార్లు లేపాడు.

మా వాచరు ఆ రోజు నన్ను అడిగాడు. ఆ ఊరివాడే, నాకంటే పదేళ్లు చిన్న, ప్రతి దానికీ ఒక ప్రశ్న వేయనిదే పనిచేయని రకం.

"సార్, పిట్టలన్నాక ఎగరకుండా నడుచుకుంటా పోతాయా? దానికింత గొడవేంది?"

"అవి పోవల్సింది మీ రాయదుర్గం కాదప్పా, వేల మైళ్లు. ఈడ తిన్నదే వాటికి దారి బత్తెం. తినే టైములో పదిసార్లు లేపితే తిన్నదంతా ఎగరనీకే సరిపోతాది."

అది నా తెలివి కాదు, మా రేంజరు గారు సమావేశంలో చెప్పిన మాట. కానీ నాకు నచ్చింది. ముప్పై ఏళ్లు కంపకు కాపలా కాసినవాడికి, ప్రాణమున్న ఒక దాన్ని కాపాడే పని చేతికొచ్చిందని లోలోపల సంబరంగా ఉండేది.

తర్వాతి వారం రేంజరు గారి ఫోను వచ్చింది. పైనుంచి ఆయనకు అక్షింతలు పడ్డాయి, ఆయన నాకు వేశాడు. "ఆదివారం కల్లా ఏదో ఒకటి చెయ్యవయ్యా. మనుషులు బురదలోకి దిగకూడదు. సామాను ఇప్పుడేమీ లేదు, నువ్వే చూసుకో" అన్నాడు.

కంచె వేయడానికి తీగ లేదు, స్తంభాలు లేవు. ఏం చేద్దామని తల పట్టుకుని కూర్చుంటే వాచరే ఉపాయం చెప్పాడు. మా వైపు శెనక్కాయ చేలను అడవిపందులు తవ్విపోస్తాయి. తీగ కంచె వేసుకోలేని రైతులు పాత చీరలు తెచ్చి చేను చుట్టూ గుంజలకు కడతారు. గాలికి ఆ చీరలు ఊగుతుంటే మనుషులున్నారనుకుని పందులు దగ్గరికి రావు. నవంబరులో ఆ రోడ్ల వెంట పోతే చేలన్నీ ఎర్రగా, పచ్చగా, నీలంగా జాతరలాగా కనిపిస్తాయి.

"పందుల్ని ఆపేటివి మనుషుల్ని ఆపవా సార్?" అన్నాడు.

నాకు భలే అనిపించింది. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగితే ఆడవాళ్లు నవ్వుకుంటూ మూటలు మూటలు ఇచ్చారు. ఒకామె, "నా పెండ్లినాటి చీర సార్ ఇది, పిట్టలకు దిష్టి తగలకుండా కట్టండి" అని చేతిలో పెట్టింది. రెండు రోజులు నేను, వాచరు, ఇంకో ఇద్దరు కూలీలు తుమ్మ గుంజలు పాతి, నీటికి వంద అడుగుల ఎడంగా బురద చుట్టూ చీరలు కట్టుకుంటూ పోయాం. ఆదివారం జనం వచ్చారు, చీరలు చూశారు, ఇదేదో సర్కారు హద్దు అనుకుని కట్ట మీదే ఆగిపోయారు. ఒక్కడూ దిగలేదు. నేను ఫోటో తీసి రేంజరు గారికి పంపితే, "శభాష్" అని జవాబు వచ్చింది. ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు పై అధికారి నుంచి వచ్చిన మొదటి శభాష్ అది. ఆ రోజు రెండు గుడ్లు ఎక్కువ వేసి కూర వండుకున్నాను.

సోమవారం పొద్దున గొర్రెలామె వచ్చింది.

యాభై దాటిన మనిషి. భర్త పోయి చాలా ఏళ్లయింది. నలభై చిల్లర గొర్రెలు, ఒక కుక్క, అవే ఆమె సంసారం. చెరువుకు అవతలి ఊరు ఆమెది. రోజూ పొద్దున, మధ్యాహ్నం గొర్రెలను ఆ మడుగుకే నీళ్లకు తెచ్చేది. మేము చీరలు కట్టిన ఆ మూడు రోజులు మాత్రం మందను ఎవరి తోటలోనో ఎరువుకు నిలిపి ఉండి, ఇటు రాలేదు. చీరల దగ్గర ఆగి, నడుము మీద చేయి పెట్టుకుని, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసింది.

"ఏమప్పా, ఇదేంది, పెండ్లిపందిరి మాదిరి కట్టినావు? నా గొర్లు యాడ తాగల్ల?"

"లోపలికి పోకూడదమ్మా. పైనుంచి ఆర్డరు. తూము కాడ తాగించుకో."

"తూము కాడ నీళ్లు యాడుండాయి? రాళ్లుండాయి, తాగుతాయా?"

"ఇంకా యాడన్నా చూసుకో. నెల రోజులే కదా."

ఆమె ఒక అడుగు దగ్గరికి వచ్చింది. తర్వాత గొంతు తగ్గించి, నాకు మంచి చెబుతున్నట్టుగా చెప్పింది.

"ఇంగో మాట చెప్తా ఇను. ఈ చీరలు ఆడతా ఉంటే పిట్టలు దిగవప్పా. జొన్నచేన్లో పిట్టల్ని తరమనీకి మేము గుడ్డలే కదా కట్టేది? పందికి మనిషని భయమైతే పిట్టకు కాదా? మా గొర్లంటే వాటికి భయం లే. గొర్లు తొక్కితేనే ఆ బురద మెత్తగా ఉంటాది, పిట్ట ముక్కు దిగుతాది. చూడు కావల్లంటే, గొర్ల ఎనకాలే తిరుగుతాంటాయి."

ఆమె చెప్పిందాంట్లో ఒక్క మాట తప్పు లేదు. నేను పుట్టింది రైతు ఇంట్లోనే. జొన్న చేనికి గుడ్డలు కట్టడం చిన్నప్పుడు నా చేతులతో చేసిన పనే. అయినా ఆ మాట నా చెవికి ఎక్కలేదు. ముప్పై ఏళ్లుగా గొర్రెలవాళ్ల దగ్గర నేను విన్నవన్నీ సాకులే. దారి తప్పి వచ్చినాయి సార్, ఇప్పుడే వచ్చినాయి సార్, ఎండుగడ్డే తిన్నాయి సార్. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

"నీ గొర్ల కోసం పిట్టల పేరు చెప్తాండావా?" అన్నాను.

ఆమె నా వైపు ఒకసారి చూసింది. కోపంగా కూడా కాదు. కుక్కను పిలుచుకుని, గొర్రెలను మళ్లించుకుని వెళ్లిపోయింది. ఆ గొర్రెలు నీళ్ల వాసన పట్టి మాటిమాటికీ వెనక్కి తిరుగుతుంటే, కర్ర అడ్డం పెట్టి తోలుకుంటూ పోయింది. నేను చూస్తూనే ఉన్నాను.

వారం తిరిగేసరికి పిట్టలు సగం కూడా లేవు. మా వాచరు మొదట తగ్గాయన్నాడు, తర్వాత బాగా తగ్గాయన్నాడు, ఆ తర్వాత నా ముఖం చూసి ఏమీ అనడం మానేశాడు. నేను మాత్రం ఒక కారణం తయారు చేసి పెట్టుకున్నాను. చీరల వెలుపల కుక్క అడుగులు కనిపించాయి. అంటే నేను లేనప్పుడు గొర్రెలామె వస్తోంది, ఆమె కుక్క పిట్టలను తరుముతోంది. నిజానికి ఆ అడుగులు ఏ కుక్కవో నాకు తెలియదు. ఊళ్లో కుక్కలకు కరువా? అయినా నివేదికలో అదే రాశాను. గొర్రెల సంచారం వల్ల, కాపరి కుక్క వల్ల పక్షులు తగ్గుముఖం పట్టాయని, చెరువులోకి పశువులను పూర్తిగా నిషేధించాలని. రేంజరు గారు దాని మీద వెంటనే సంతకం చేసి ఒక బోర్డు పంపించారు. గొర్రెలకు, పశువులకు ప్రవేశం లేదు. అతిక్రమిస్తే చర్య. ఆ బోర్డును నేనే దగ్గరుండి పాతించాను. ఆమె ఆ తర్వాత చెరువు వైపే రాలేదు.

నాలుగు రోజులకు, ఒక బుధవారం పదిన్నరకు, గదిలో అన్నం తింటుంటే వాచరు ఫోను చేశాడు. ఎప్పుడూ అరిచి మాట్లాడేవాడు, ఆ రోజు గొంతు సన్నగా వచ్చింది.

"సార్, గొర్లామె గొర్లు ఫారం పాండులో పడినాయి. రాండి సార్."

ఫారం పాండు అంటే పండ్లతోటల రైతులు బోరునీళ్లు నిల్వ చేసుకోవడానికి తవ్వించే గుంట. నీళ్లు ఇంకిపోకుండా లోపలంతా నల్లని ప్లాస్టిక్ పట్ట పరుస్తారు. ఏటవాలు ఒడ్డు, దాని మీద ఆ పట్ట, పట్ట మీద పాచి. దిగడమే గాని, పట్టుకుని ఎక్కడానికి వేలెడు ఆధారం ఉండదు. బొప్పాయి తోట రైతు ఒకాయన ఆమె కష్టం చూసి, తొట్టికి నీళ్లు వదులుతాను, రోజూ వచ్చి తాగించుకొమ్మన్నాడట. ఆ పొద్దున కరెంటు లేదు. తొట్టి ఎండిపోయి ఉంది. గొర్రెలు పక్కన గుంటలో నీళ్లు చూశాయి. ముందున్నది జారింది. గొర్రెల సంగతి మీకు తెలిసిందే, ముందుది ఎటు పోతే వెనకవన్నీ అటే.

నేను వెళ్లేసరికి తోటలో కూలీలందరూ గుంట చుట్టూ ఉన్నారు. ఆమె గొర్రెల కోసం తానే లోపలికి దిగి, ఎక్కలేక మునిగిపోతుంటే కూలీలు తాడు వేసి లాగారట. ఒళ్లంతా తడిసి, మోకాళ్లు గీరుకుపోయి, గట్టు మీద కూర్చుని ఉంది. బతికినవి ఒక పక్కన వణుకుతున్నాయి. నేను చొక్కా విప్పి, నడుముకు తాడు కట్టించుకుని దిగాను. తడిసిన ఉన్నితో ఒక్కొక్కటి బండంత బరువు. లోపలి నుంచి నేను తాడు కట్టడం, పైనుంచి వాళ్లు లాగడం. పదహారు కళేబరాలు. అన్నీ ఈనిన తల్లులే. పాలిచ్చే గొర్రెలకు దాహం ఎక్కువ, అవే ముందు పరుగెత్తాయి.

తోట రైతు తల బాదుకుని ఏడ్చాడు, తాను రమ్మనకపోతే ఇవి చచ్చేవి కాదు గదా అని. కూలీలు కరెంటును తిట్టారు. పశువుల డాక్టరు వచ్చి, ఈ గుంటల చుట్టూ కంచె లేకపోవడమే తప్పన్నాడు. నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా నేను నీళ్లలో దిగినందుకు ఒకాయన తన తువ్వాలు ఇచ్చి తల తుడుచుకోమన్నాడు. తల తుడుచుకోకుండానే ఆ తువ్వాలు ఆయనకు తిరిగి ఇచ్చేశాను.

బతికిన గొర్రెలను ఇంటికి తోలడానికి నేను, వాచరు ఆమె వెంట వెళ్లాం. ఊరి చివర ముళ్లకంపతో వేసిన రొప్పం. గొర్రెలను మేతకు తోలుకుపోయేటప్పుడు చిన్న పిల్లలను ఆ రొప్పంలోనే వదిలి పోతారు. మంద అలికిడి వినగానే ఆ పిల్లలన్నీ ఒక్కసారిగా అరుస్తూ కంప దగ్గరికి ఉరికి వచ్చాయి. తల్లులున్నవి తల్లుల కిందికి దూరాయి. మిగిలినవి ప్రతి గొర్రె దగ్గరికీ పోయాయి. గొర్రె తన పిల్లను తప్ప ఇంకొకదాన్ని రానివ్వదు. వాసన చూసి తలతో నెట్టేస్తుంది. అవి నెట్టించుకుని, పడి, లేచి, ఇంకో గొర్రె దగ్గరికి పోతున్నాయి. పక్కింటి ఆడవాళ్లు గొర్రెలను కాళ్లతో అదిమిపట్టి పాలు తాగించాలని చూస్తున్నారు.

ఆమె కంప పట్టుకుని అదంతా చూస్తోంది. నేను దగ్గరికి వెళ్లి ఏదో చెప్పబోయాను. ఏం చెప్పబోయానో ఇప్పుడు గుర్తు లేదు. ఆమె నా వైపు తిరగకుండానే అంది.

"ఆడికి రావద్దంటివి. ఈడికి పోతిని."

అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేది. శాపం పెట్టినా తీసుకునేవాణ్ణి.

వాచరును అక్కడే ఉంచి నేను చెరువు దగ్గరికి వచ్చి కట్ట మీద కూర్చున్నాను. ఎండ తగ్గి గాలి లేచింది. ఉత్తరం వైపు నుంచి ఒక గుంపు వచ్చింది. చెరువు మీద ఒక చుట్టు తిరిగి కిందికి దిగాయి. బురద ఇంకా నిలువెత్తు దూరం ఉందనగా ఒక ఎర్ర చీర ఫట్టుమని కొట్టుకుంది. గుంపంతా ఒక్కసారి మలుపు తిరిగి పైకి లేచింది. మళ్లీ చుట్టు తిరిగింది, మళ్లీ దిగబోయింది, మళ్లీ లేచింది. మూడుసార్లు అయ్యాక పడమటి దిక్కుగా వెళ్లిపోయింది. చెరువులో ఒక గొర్రె లేదు, ఒక కుక్క లేదు, ఒక మనిషి లేడు. ఇలాంటిది నేను పది రోజులుగా చూస్తూనే ఉన్నాను. చూసిన ప్రతిసారీ కుక్కనే తలుచుకున్నాను.

ఆ ఫోటోగ్రాఫరు మనిషి నాలుగుసార్లు లేపాడని నేను అతని మీద గొంతు చించుకున్నాను గదా. నేను పది రోజులు పగలంతా లేపాను, అదీ సర్కారు జీతం తీసుకుంటూ.

చీకటి పడకముందే లేచి చీరలన్నీ పీకేశాను. ముళ్లు గుచ్చుకుని చేతులు నెత్తురయ్యాయి. బోర్డు కూడా పెకలించాను. పిట్టలు మర్నాడు వచ్చాయి, దిగాయి. నా ప్రాణం కుదుటపడింది. కానీ పావుగంట కూడా నిలవలేదు. అంచు వెంబడి అటూ ఇటూ పరుగెత్తి, ముక్కులు పొడిచి పొడిచి, లేచిపోయాయి. దిగి చూస్తే అర్థమైంది. తొక్కేవాళ్లు లేక, నీళ్లు వెనక్కి తగ్గి, పైపొర ఎండకు అప్పడంలాగా అట్టకట్టింది. వేలితో పొడిస్తే వేలే దిగలేదు, ఆ సన్నని ముక్కు ఎలా దిగుతుంది?

నేను, వాచరు ప్యాంట్లు మోకాళ్లదాకా మడుచుకుని బురద తొక్కి చూశాం. మేము తొక్కినంత మేర మెత్తబడింది గాని, ఇద్దరు మనుషులు బురదలో నాట్యం చేస్తుంటే ఏ పిట్ట దిగుతుంది? "సార్, మనల్ని చూస్తే పందులు కూడా రావు" అన్నాడు వాచరు. ఆ వారమంతా మేము నవ్వింది ఆ ఒక్కసారే.

ఈలోపు రెండో నివేదిక రాశాను. మొదటి నివేదికలో రాసింది తప్పని, కాపరి ముందే హెచ్చరించినా నేను వినలేదని, చీరల వల్లే పక్షులు దిగలేదని, చెరువు మూయడం వల్ల ఆమె మంద వేరేచోటికి పోయి పదహారు గొర్రెలు చచ్చాయని. రేంజరు గారు ఫోను చేసి, "ఎందుకయ్యా, ఆ ఫైలు మూసేశాం. ఫారం పాండుకూ మనకూ ఏం సంబంధం? మూడేళ్లలో పోయేవాడివి, నెమ్మదిగా పోరాదా" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, నా మంచి కోరే అన్నాడు. నేను పంపించాను. మెమో వచ్చింది. నా సర్వీసులో వచ్చిన మెమోలలో న్యాయంగా వచ్చింది అదొక్కటే.

కానీ నివేదిక బురదను మెత్తబరచదు కదా. శివరాత్రి దగ్గరికి వచ్చింది. ఎండ రోజురోజుకీ చురుక్కుమంటోంది. పిట్టలు పోవడానికి నెల కూడా లేదు, వాటికి ఇంకో చెరువూ లేదు. చేయవలసింది ఏమిటో నాకు తెలుసు. మూడు రోజులు దాన్ని వాయిదా వేశాను. నాలుగో రోజు పొద్దున ఆమె ఊరికి వెళ్లాను.

ఆమె కొళాయి నుంచి బిందెలతో నీళ్లు మోసి, రొప్పం ముందు పాత బానలో పోస్తోంది. మిగిలిన గొర్రెలకు అవే నీళ్లు. తల్లుల్లేని పిల్లల్లో కొన్ని పోయాయని వాచరు చెప్పాడు. మిగిలినవి సీసాపాలకు అలవాటుపడి ఆమె కొంగు పట్టుకుని తిరుగుతున్నాయి. నేను కాస్త దూరంలో నిలబడ్డాను. ఆమె చూసింది, పని ఆపలేదు.

"అక్కా, తప్పు చేసినా" అన్నాను.

బిందె బోర్లించి మళ్లీ కొళాయి దగ్గరికి పోయింది. తిరిగి వచ్చేదాకా నిలబడ్డాను.

"చీరలు తీసేసినా. బోర్డు తీసేసినా. గొర్లను చెరువుకు తోలుకరా అక్కా."

అప్పుడు ఆగింది. బిందె కింద పెట్టి నన్ను సూటిగా చూసింది.

"నా గొర్ల కోసం పిలుస్తాండావా, నీ పిట్టల కోసం పిలుస్తాండావా?"

గొర్రెల కోసమే అని చెప్పి ఉండవచ్చు. దారి పొడుగునా అదే చెప్పాలనుకుంటూ వచ్చాను. నోరు తిరగలేదు.

"పిట్టల కోసమే. బురద గట్టిపడింది. నువ్వు చెప్పినట్టే అయింది. అవి తినలేక పోతాండాయి."

ఒక గొర్రెపిల్ల వచ్చి ఆమె వేళ్లు చీకుతుంటే తీసేయకుండా అలాగే నిలబడింది. నేను ఇక వెనుదిరగాలా, ఉండాలా తెలియక నిలబడ్డాను.

"పిట్టలేమి చేసినాయిలే, పాపం" అంది చివరకు. "ఎంత దూరం పోవల్లో ఏమో. కడుపు నింపుకోని పోనీ."

మర్నాడు పొద్దున వచ్చింది. కుక్కను తేలేదు. ఇరవై ఎనిమిది గొర్రెలు మడుగు అంచున బారుగా నిలబడి తాగాయి. వాటి గిట్టలు పడిన చోటల్లా పైపొర పగిలి నల్లని బురద పైకి వచ్చింది. నేను కట్ట మీద, జనం వచ్చే దారికి అడ్డంగా నిలబడి ఉన్నాను. మొదటి రోజు నుంచీ చేయవలసిన పని అదే. ఒక మనిషి దారిలో నిలబడి, ఇక్కణ్ణుంచే చూడండి బాబూ అని దండం పెడితే చాలు, ముక్కాలు మంది వింటారు. గొర్రెలు అటు జరగగానే పిట్టలు దిగాయి. గొర్రెల కాళ్లకు నాలుగడుగుల దూరంలో, గిట్టల గుంటల్లో ముక్కులు దించి తిన్నాయి. ఆమె కర్ర మీద గడ్డం ఆనించుకుని చూస్తూ ఉంది.

ఇరవై రోజులకు పైగా అలా తిన్నాయి. ఒక పొద్దున చూస్తే లేవు.

రిటైరయ్యేదాకా మూడేళ్లు నేను ఆ బీటులోనే ఉన్నాను. కడుపు నింపుకోని పోనీ అని ఆ పొద్దు రొప్పం దగ్గర అన్నదే ఆమె నాతో ఆఖరి మాట. చెరువు దగ్గర కనిపించిన ప్రతిసారీ "అక్కా" అని పలకరించేవాణ్ణి. ఆమె ఒక్కసారీ పలకలేదు. పిట్టలున్న ప్రతి చలికాలమూ గొర్రెలను మాత్రం పొద్దున, మధ్యాహ్నం తెచ్చింది, అంచంతా తొక్కించింది, నా ముందు నుంచే తోలుకుపోయింది.